గాజు సూదులు

ఆ ఏడు సముద్రం తొందరగా శాంతించింది. వానలు వెనక్కి తగ్గీ తగ్గకముందే నీళ్ళు తేటపడ్డాయి. బోటు మీంచి చూస్తే అడుగున బండలు కనిపించేవి. మా ఇంట్లో మాత్రం ఆ సీజనులోనే ఒకరి మనసు ఒకరికి కనబడకుండా పోయింది.

మేం నలుగురం. అన్నయ్య డైవర్. బోట్ల అడుగున పట్టిన నాచు గీకడం, ప్రొపెల్లర్లకు చుట్టుకున్న వలలు కోయడం అతని మామూలు పని. వదిన సముద్ర జీవుల్లో మందులు వెతికే ల్యాబులో పని చేస్తుంది. బండలకు అతుక్కుని బతికే స్పాంజీల మీద ఆమె పరిశోధన. వాటికి కాళ్ళు లేవు, పళ్ళు లేవు, పారిపోవడం రాదు. అందుకని ఒంట్లోనే విషాలు పెట్టుకుని క్రిముల్ని దూరంగా ఉంచుతాయట. ఆ విషాల్లో ఏదో ఒకటి మనకు మందు కాకపోతుందా అని వదిన ఆశ. స్పాంజీలు తెచ్చిపెట్టే పని ల్యాబు అన్నయ్యకే ఇచ్చింది. నేను బోటు మీద ఉండి అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుంటాను, గాలి గొట్టం మెలికపడకుండా చూస్తాను.

ఇక అమ్మ. ఆసుపత్రి లాండ్రీలో ఒళ్ళు వంగేదాకా పని చేసి మానేసింది. అంతకుముందు ఏడాది మెట్ల మీద జారి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంటే లోపల రాడ్డు వేసి కుట్టారు. ఎముక అతికింది గానీ పుండు మానలేదు. ఆరినట్టే ఆరి మళ్ళీ చెమ్మగిల్లేది. అందులో ఉన్న క్రిమి మందులన్నిటికీ రాటుదేలిపోయిందని డాక్టరు చెప్పాడు. రోజూ రాత్రి కట్టు మార్చే పని అన్నయ్యది. నేను చూడలేను, కళ్ళు తిరుగుతాయి. అతనికి బండలు గీసుకున్న గాయాలు తనే కట్టుకుని అలవాటు.

ఒక సాయంత్రం వదిన ల్యాబు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను తీసి మా ముందు పెట్టింది. అందులో ఒక గాజు ప్లేటు ఫోటో. ప్లేటంతా మీగడ కట్టినట్టు తెల్లగా క్రిములు. నడుమ చిన్న కాగితపు బిళ్ళ. బిళ్ళ చుట్టూ మాత్రం తుడిచినట్టు ఖాళీ.

"ఆ బిళ్ళకు స్పాంజి రసం పట్టించాం. రసం పాకినంత మేరా ఒక్కటి మిగల్లేదు," అంది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూసి చాలా రోజులైంది.

"నేను తెచ్చిన ఎర్రదేనా?" అన్నాడు అన్నయ్య.

"ఆ చివరి బండ చూరు కింద కోసుకొచ్చావే, అదే."

"అయితే పేపర్లో సగం పేరు నాది వేయించు. మిగతా సగం నువ్వు తీసుకో, నేనేం అనుకోను."

అమ్మ ఫోను అడిగి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూసింది. "ఈ క్రిములు ఎక్కడివమ్మాయ్?"

వదిన కాస్త తటపటాయించింది. "ఆసుపత్రి నుంచి మొండి రకాలు తెప్పిస్తాం అత్తయ్యా. ఇది మీ కాలిదే."

"నా కాల్లోదే చచ్చిందన్నమాట."

"ప్లేటులో."

"మరింకేం. మందు తెచ్చెయ్యి."

వదిన నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు, అలసిన మనిషి నవ్వు. ఆ రసంలో సవాలక్ష పదార్థాలు ఉంటాయనీ, వాటిలో ఏది పని చేసిందో ముందు వేరు చెయ్యాలనీ, అది క్రిముల్నే చంపుతుందో మనిషి కండనూ చంపుతుందో చూడాలనీ, ఎలుకలకిచ్చి, తర్వాత మనుషులకిచ్చి, ఏళ్ళూ పూళ్ళూ పడుతుందనీ ఓపిగ్గా చెప్పింది. అమ్మ అన్నిటికీ తల ఊపింది. వదిన స్నానానికి లేవగానే మంచం మీంచి మా వైపు వంగింది.

"మందు ఉంది. ఇవ్వరు," అంది.

"అదేం మాటమ్మా?" అన్నాను.

"నేను ఇన్నేళ్ళు ఉతికింది ఎవరి దుప్పట్లనుకున్నావ్? మంచి మందు ముందు ఏ వార్డుకు పోతుందో దుప్పటి చూస్తే తెలుస్తుంది. మన దాకా వచ్చేసరికి దానికి పస ఉండదు. మీ వదిన మంచిదే. కానీ దాని పైవాళ్ళు ఇవ్వొద్దంటే అది మాత్రం ఏం చేస్తుంది?"

అన్నయ్య ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు.

*

ల్యాబుకు ఇంకా ఎర్ర స్పాంజి కావాలన్నారు. వదిన అన్నయ్యకు మరీ మరీ చెప్పి పంపింది. "పెకలించెయ్యకు. అంచు కొయ్యి, మొదలు వదిలెయ్యి. అది మళ్ళీ పెరగాలి. అలాంటిది ఆ ఒక్క చూరు కిందే కనిపించింది."

అప్పటికే జెట్టీ మీద గొడుగాయన చేరాడు. శంఖాలూ గవ్వలూ ఎండబెట్టిన సముద్రపు గుర్రాలూ కొని ఎక్కడికో పంపే మనిషి. ఎండయినా మబ్బయినా నల్ల గొడుగు విప్పే ఉంటుంది. ల్యాబుకు ఏదో దొరికిందన్న సంగతి అతని చెవిన ఎలా పడిందో మరి, మా బోటు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

"ఎర్రదేదో తెస్తున్నారటగా. ఒక్క ముక్క ఇప్పించరాదూ, చూసుకుంటాం," అనేవాడు.

అన్నయ్య వినబడనట్టు తాళ్ళు చుట్టుకుంటూ పోయేవాడు. మొదట్లో నాకది బాగానే అనిపించింది.

తర్వాత తర్వాత చిన్న చిన్న సంగతులు కంటపడసాగాయి. అన్నయ్య ముందు దగ్గరి బండ దగ్గర దిగేవాడు. అక్కడే చాలాసేపు ఉండి వల సంచి నింపుకుని వచ్చేవాడు. ఆ తర్వాత చివరి బండ దాకా బోటు పోనిమ్మనేవాడు. "ఊరికే చూసొస్తా," అని మళ్ళీ దిగేవాడు. ఊరికే చూడ్డానికి దిగినవాడు రెండో సంచితో పైకొచ్చేవాడు. దాన్ని తడి గోనెలో చుట్టి డీజిలు డబ్బా వెనక పెట్టేవాడు.

"అదేంటన్నయ్యా?" అని అడిగాను ఒకసారి.

"ఎర."

"దేనికి?"

"గాలానికి."

అన్నయ్య గాలం వెయ్యగా నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా నోరు మూసుకుని తాడు చుట్టాను. జెట్టీకి వచ్చేసరికి గొడుగాయన లేచి నిలబడి ఉన్నాడు. అన్నయ్య గోనె మూట భుజాన వేసుకుని అతని పక్కనుంచే నడిచి వెళ్ళాడు. గొడుగు వాలి ఉండడంతో ఇద్దరూ మాట్లాడుకున్నారో లేదో కనిపించలేదు.

*

"ఇది అది కాదు," అంది వదిన.

భోజనాలయ్యాక వంటింట్లో ఉన్నాం. అన్నయ్య కంచాలు కడుగుతున్నాడు. వదిన ఫోనులో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. స్పాంజి ఒంట్లో కంటికి ఆనని గాజు సూదులు ఉంటాయట. అవే దానికి ఎముకలు. ఒక్కో రకానికి ఒక్కో తీరు సూది. మొదట తెచ్చిన దానివి విల్లులా కొంచెం వంగి, రెండు కొసలా పదునుగా ఉన్నాయి. ఇప్పుడు వస్తున్న వాటివి నిటారుగా, ఒక కొసన బొడిపెతో అచ్చం గుండుసూదుల్లా ఉన్నాయి.

"రంగొక్కటే. జాతి వేరు. దీని రసం పోస్తే క్రిములు హాయిగా పెరుగుతున్నాయి," అంది.

"ఎరుపు ఎరుపే కదా. నీళ్ళ కింద భూతద్దం పెట్టుకుని చూడమంటావా?" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరక్కుండానే.

"ఆ చూరు నీకు కళ్ళకు గంతలు కట్టినా తెలుసు."

"అలల్లో అన్నీ ఒకలాగే ఉంటాయి."

"ఈ వేళ మా పెద్ద మేడమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. మొదటిసారి వచ్చిన ఫలితం నిజంగా వచ్చిందేనా అని అడిగింది."

"వచ్చిందని చెప్పు."

"చెప్పాను. మరి మళ్ళీ ఎందుకు రావట్లేదు అంది. ఆ ఫలితం నేను చేత్తో దిద్ది తెచ్చాననుకుంటోంది. ఏం చెప్పను?"

అన్నయ్య కంచం బోర్లించాడు. "సముద్రాన్ని అడగమను," అని చేతులు తుడుచుకుంటూ అమ్మ గదిలోకి వెళ్ళి తలుపు చేరవేశాడు. కట్టు మార్చే వేళ అది.

మర్నాడు మేడ మీద నేను డైవింగు సూట్లు ఆరేస్తుంటే వదిన వచ్చి నా పక్కన నిలబడింది. క్లిప్పులు అందిస్తూ, నా మొహం చూడకుండా అడిగింది.

"గొడుగాయనకు అమ్ముతున్నాడా?"

"నాకు తెలీదు వదినా."

"తాడు నీ చేతిలో ఉంటుంది. ఎక్కడ దిగాడో కూడా తెలీదా?"

దాచి ఏం చెయ్యను? రెండు చోట్ల దిగడం చెప్పాను, రెండో సంచి చెప్పాను, ఎర అన్నాడని చెప్పాను.

"మీ అన్నకు గాలానికి ముడి వెయ్యడం కూడా రాదు," అంది వదిన. కిందికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అన్నయ్య చొక్కాలు ఉతికే ముందు వదిన జేబులు వెతికేది. అతని ఫోను మోగితే ఇద్దరూ ఒకేసారి దాని వైపు చూసేవాళ్ళు. అన్నయ్య అది గ్రహించి ఫోను బోర్లా పెట్టడం మొదలుపెట్టాడు, దాంతో అనుమానం ఇంకా ముదిరింది. వదిన ల్యాబు సంగతులు ఇంట్లో చెప్పడం మానేసింది. "చూశావా, దాస్తోంది," అనేది అమ్మ. అమ్మ మాత్రం ఎందుకో కులాసాగా ఉండేది. కాలు ఎలా ఉందంటే, "భగభగ మంట. మంట పుట్టిందంటే మందు పట్టినట్టే," అనేది. ఆసుపత్రి ఆయింటుమెంటు గురించి అంటోందనుకున్నాను.

చివరికి నేనే గొడుగాయన దగ్గరికి వెళ్ళాను. మొహమాటం పెట్టుకోకుండా అడిగేశాను, మా అన్నయ్య మీకేమన్నా అమ్ముతున్నాడా అని.

అతను గొడుగు పక్కకు వంచి నన్ను ఎగాదిగా చూశాడు. "మీ అన్న నాకు అమ్మేవాడే అయితే, నేనిక్కడ రోజూ ఎందుకు మాడిపోతానమ్మా? ఇంట్లో పడుకుందును గదా. నాకంటే ఎక్కువ ఇచ్చేవాడెవడో దొరికుంటాడు మీ వాడికి. ఎవడో తెలిస్తే నాకూ చెప్పు."

ఆ మాటతో నాకు కొంత ఊరట కలగాలి. కలగలేదు. ఇతను కాకపోతే ఇంకెవరు అన్న బెంగ కొత్తగా పట్టుకుంది.

*

అమ్మకు జ్వరం వచ్చింది. ఒకరోజు వేడిగా ఉందనుకున్నాం, మర్నాటికి మాట తడబడింది. కాలు మోకాలి పైదాకా వాచి నిగనిగలాడుతోంది. ఆసుపత్రిలో డాక్టరు కట్టు విప్పి, పుండు అంచుల్ని వంగి చూశాడు.

"దీనికి ఇంట్లో ఏం రాస్తున్నారు?"

"మీరిచ్చిందే," అన్నాడు అన్నయ్య.

"నేనిచ్చిన దానికి చర్మం ఇలా కాలదు."

అమ్మ కళ్ళు మూసుకుంది. అది నీరసమో మరొకటో తెలియలేదు. డాక్టరు పుండు కడిగిన నీళ్ళు పరీక్షకు పంపమన్నాడు. ఆ పాత కట్టు గుడ్డను మాత్రం పారెయ్యబోతుంటే వదిన అడిగి, ఒక కవరులో వేసుకుంది.

మర్నాడు వదినకు క్యారేజీ ఇవ్వడానికి ల్యాబుకు వెళ్ళాను. రాత్రి నిద్ర లేక ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. క్యారేజీ పక్కన పెట్టి, మైక్రోస్కోపు ముందు స్టూలు చూపించింది.

"ఒకసారి చూడు."

ఒక కన్ను మూసి చూశాను. మొదట బూజులా ఏదో కనిపించింది. వదిన పక్కనుంచి మర తిప్పింది. బూజులోంచి సన్నటి మెరుపులు తేలాయి. విల్లుల్లా కొంచెం వంగి, రెండు కొసలా పదునుగా.

"ఇవి అసలువేగా వదినా? చివరి బండవి."

"అవే."

"హమ్మయ్య. దొరికిందన్నమాట. ఎక్కడ దొరికింది?"

వదిన అద్దం పలక తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టింది.

"అత్తయ్య కట్టులో," అంది.

*

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో అన్నయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గొడవ జరుగుతుందనుకున్నాను, నలుగురూ చూస్తారనుకున్నాను. వదిన గొంతు పెంచలేదు.

"ఎప్పట్నుంచి?"

ఏమిటని అన్నయ్య అడగలేదు. "నువ్వు ఫోటో చూపించిన వారంలోనే మొదలెట్టాను."

"ఎలా వేశావు?"

"నూరి, గుడ్డలో పిండి. ఆ గుడ్డే కట్టాను."

"రోజూనా?"

"రోజూ. దానికే సరిపోయేది కాదు. అందుకే మీకు దగ్గరి బండది ఇచ్చాను. తేడా తెలుస్తుందనుకోలేదు." మళ్ళీ తనే అన్నాడు, "ప్లేటులో చచ్చింది కదా. అమ్మ కాల్లోదే కదా అది."

"ప్లేటులో బ్లీచింగు పోసినా చస్తుంది. అత్తయ్య కాలి మీద పోస్తావా?"

అన్నయ్య అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "మొదట్లో తగ్గినట్టే అనిపించింది. చీము తగ్గింది. అమ్మ కూడా బాగుందంది."

"ఆ సూదులన్నీ లోపల దిగాయి. నన్ను ఒక్క మాట అడిగుంటే..."

"అడిగితే వద్దంటావుగా."

"వద్దనే అంటాను."

"నువ్వు దాస్తున్నావనుకుంది అమ్మ. నీ పైవాళ్ళు ఇవ్వనివ్వరని."

"నువ్వేమనుకున్నావు?"

ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ మా ముందు నుంచి వెళ్ళారు. అది మలుపు తిరిగే దాకా వదిన ఆగింది. అన్నయ్య నేల వైపే చూస్తున్నాడు. అంతసేపూ ఆమె అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పినవాడు, ఆ ఒక్కదానికి చెప్పలేదు.

"నేనైతే నువ్వు దాన్ని గొడుగాయనకు అమ్ముకుంటున్నావనుకున్నాను," అంది వదిన.

అన్నయ్య తలెత్తాడు. "నేనా?"

"నువ్వే."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు, ఒకే బెంచీ మీద, డాక్టరు పిలిచే దాకా.

*

రాడ్డు తీసేశారు. కుళ్ళిన కండ గీకేశారు. ఎప్పటిదో పాత మందు, ఎవరూ వాడనిది, కిడ్నీలకు ప్రమాదమని సంతకం పెట్టించుకుని సీసాల కొద్దీ ఎక్కించారు. కాలు దక్కింది గానీ మోకాలు ఇక వంగలేదు. ఇంటికొచ్చాక అమ్మ కాలు బారచాపుకుని మంచం మీద కూర్చుని, కట్టు విప్పుతున్న వదిన చేతుల్నే చూస్తూ మాట కదిపింది. ఇప్పుడు కట్టు వదినే మారుస్తోంది.

"వాణ్ణి తిట్టకు. కాళ్ళావేళ్ళా పడి తెప్పించుకున్నది నేను."

"తెలుసు అత్తయ్యా."

"నిజం చెప్పు. అది మందవుతుందా, కాదా?"

"నాకు తెలీదు. కాకపోవచ్చు కూడా."

అమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. "అంటే నీకూ తెలీదన్నమాట," అంది. దాస్తున్నావని ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. నమ్మిందో, అడిగి లాభం లేదనుకుందో నేను చెప్పలేను.

వదిన పెద్ద మేడమ్‌కు జరిగిందంతా చెప్పేసింది. భర్త తెచ్చిన నమూనాలు, అత్తగారి పుండు, మారిపోయిన స్పాంజి, ఏదీ దాచలేదు. దిద్ది తెచ్చావన్న మాట వెనక్కి పోయింది గానీ, పని కూడా చేతిలోంచి పోయేలా ఉంది. అసలు స్పాంజి ఇంకా మిగిలి ఉందో లేదో ముందు తేల్చమంది మేడమ్. ఏదీ కొయ్యకూడదు, ఫోటో మాత్రమే తియ్యాలి, వదిన బోటులో ఉండాలి. ఆ చూరు దారి తెలిసిన డైవరు వేరే లేడు కాబట్టి అన్నయ్యే దిగాలి.

సీజను చివరికి వచ్చేసింది. గాలి మారుతోంది, నీళ్ళు మళ్ళీ మసకబారుతున్నాయి. వదిన బోటు ఎక్కడం అదే మొదలు. ఒడ్డు దాటగానే వాంతి చేసుకుంది, మొహం కడుక్కుంది, నా చేతిలోంచి తాడు తీసుకుంది. ఎలా పట్టుకోవాలో చెప్పాను. అన్నయ్య నీళ్ళలో పనికొచ్చే కెమెరా మెడలో వేసుకుని దిగాడు. తాడు కదిలినప్పుడల్లా వదిన వేళ్ళు బిగుసుకునేవి. బుడగలు ఎక్కడ తేలితే అక్కడికి ఆమె చూపు పోయేది.

పైకొచ్చాక అన్నయ్య కెమెరా ఆమె చేతిలో పెట్టాడు. మేమిద్దరం తలలు ఆనించి చూశాం. చూరు కింద బండంతా బోడిగా ఉంది. స్పాంజీలు ఉన్నచోట తెల్లటి మచ్చలు, కత్తి గీతలు. ప్రతి ఫోటోలోనూ అవే. చివరి దాంట్లో, బండ పగులు లోపల, బొటనవేలి గోరంత ఎరుపు.

"ఇదొక్కటేనా?" అంది వదిన.

"ఇదొక్కటే."

"ముట్టుకున్నావా?"

"లేదు."

వదిన ఆ ఫోటోనే చూస్తూ ఉండిపోయింది. అన్నయ్య ఆమె ముందు నిలబడి, నీళ్ళు కారుతుండగా, నడుముకున్న వల సంచి విప్పి లోపలి వైపు బయటికి తిప్పి దులిపాడు. ఎవరూ అడగలేదు. గ్లవుజులు తీసి వాటినీ తిరగదీశాడు. తర్వాత రెండు అరచేతులూ ఆమె ముందుకు చాపాడు.

ఎందుకులే అంటుందేమోనని చూశాను. అనలేదు. కెమెరా నాకిచ్చి, అతని చేతులు రెండూ పట్టుకుని, వెలుతురుకు తిప్పి, వేళ్ళ సందుల్లో కూడా చూసింది. అన్నయ్య చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

చూడడం అయ్యాక తువ్వాలు ఇచ్చింది.